మంచు పడకమునుపే మా పని

గృహిణులకు దగిన వ్యాపకములను గూర్చి పత్రికలలో తరచుగా చదువుచుందుము గాని, కుక్కలబండ్ల సంఘమును నడపుట వానిలో నొకటి యని యెవరును వ్రాసియుండరు. నేను అమెరికా దేశపు ఉత్తరపు సరిహద్దున నున్న మిన్నెసోటా రాష్ట్రమున కాపురముండి, ఆఱేండ్లుగా మా యూరి సంఘమునకు కార్యదర్శినిగా పని చేయుచున్నాను. మంచుమీద కుక్కలు లాగెడి చక్రములు లేని బండిని ఇచ్చట స్లెడ్ అందురు. బండి నడచునది శీతకాలముననే యైనను, పని యంతయు మంచు పడకమునుపే జరుగవలెను. పెండ్లి యొక్కపూటయే యైనను అప్పడములు, వడియములు ఎండకాలముననే పెట్టుకొందుము గదా!

సెప్టెంబరు మొదటి ఆదివారమున సభ్యులందఱు కూడుదురు. వేసవి యంతయు కుక్కలు ఊరకే పడియుండును; కొన్ని బలిసియుండును, కొన్ని చిక్కియుండును. బొచ్చు దట్టమైన జంతువు గనుక కంటితో చూచి చెప్పుటకు వీలులేదు. ప్రక్కటెముకలమీద చేయి వైచి తడవి చూచుకొనవలెను. టీకాల కాగితములు, గోళ్లు, పండ్లు, పాదముల మెత్తలు—ఇవన్నియు చూచి నేను పుస్తకమున వ్రాయుదును. ఒక యింటి కుక్కకు దగ్గు తగిలినచో వారములోపల పదియిండ్ల కుక్కలకు తగులును. కావున టీకాలేని కుక్కను బయలులోనికి రానీయము. ఈ నియమముమీద నాతో తగవుపడనివారు సంఘమున నెవరును లేరు.

తరువాత అభ్యాసము. మంచు లేదు గనుక కుక్కలను నాలుగు చక్రముల చిన్న మోటారుబండికి కట్టుదుము. ఆ బండి బరువుగా నుండును, దానికి బ్రేకులు గలవు; పదికుక్కలు ఒక్కమాఱు లాగినను చేతిలో నిలుచును. మొదట రెండుమైళ్లు, పిమ్మట మూడు, ఇట్లు వారమువారము పెంచుదుము. ఇందులో మిక్కిలి భయపడవలసినది చలికి గాదు, ఎండకు. మనకువలె కుక్కకు ఒడలంతయు చెమటపట్టదు. నాలుక వ్రేలవైచి రొప్పుటవలననే వేడిని విడుచుకొనవలెను. పరుగునకు పెంచిన ఈ జాతికుక్క తనంతట తాను ఆగదు. ఒడలు కాగి కూలువఱకును లాగును. ఆపవలసినవాడు బండిమీది మనుష్యుడే. మా సంఘమున 10 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన యుదయమున కుక్కలను కట్టుట లేదు. గాలిలో చెమ్మ యెక్కువగానున్నచో ఇంకను ముందే మానుదుము. ఒక అక్టోబరు ఉదయమున ఒక పెద్దమనిషి మూడుగంటలు కారు నడపుకొని వచ్చెను. ఉష్ణమాపకము 13 చూపెను. ఆయన కోపించి, ఉష్ణదేశమునుండి వచ్చిన నాకు చలిసంగతి యేమి తెలియునని యడిగెను. ఎండసంగతి తెలియును గదా యంటిని. ఆయన కుక్కలు ఆనాడు పరుగెత్తలేదు.

కుక్కలను జంటలుగా ఒక నడిమి త్రాటికి కట్టుదురు. బండికి దగ్గఱనుండు జంటకు బలము కావలెను. అన్నిటికంటె ముందుండు జంటకు బుద్ధి కావలెను. కళ్లెములు, పగ్గములు లేవు, నోటిమాటయే. కుడికి "జీ", ఎడమకు "హా" అని కేక వేయవలెను. ముందుండెడి కుక్క మాట వినునదై యుండవలెను. ఒక్కొక్కప్పుడు విననిదియు కావలెను, ఏలయన మంచుగడ్డ పలుచగానున్నచోట మనము పొమ్మన్నను అది పోదు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణమున కంఠసర్పి వ్యాపించినపుడు, విమానములు సాగని ఆ చలిలో ఇరువదిమంది బండ్లవాండ్రు చేతులు మార్చుకొనుచు 674 మైళ్లదూరము మందును అయిదున్నర దినములలో చేర్చిరి. కీర్తి యంతయు కడపటి బండి నడిపించిన బాల్టో యను కుక్కకు వచ్చెను. న్యూయార్కు తోటలో దానికి విగ్రహము గలదు. అయితే అన్నిటికంటె పొడవైన, ప్రమాదమైన భాగమును నడిపించినది టోగో యను ముసలి కుక్క. దాని వయస్సు అప్పటికి పండ్రెండేండ్లు. వంట చేసినవారిని విడిచి వడ్డించినవారిని పొగడుట మన యిండ్లలోనే గాదు.

ఇక నాకు మిక్కిలి యిష్టమైన పని కుక్కల మేజోళ్లు కుట్టుట. మంచు గడ్డకట్టి వ్రేళ్లసందులలో ఉండలై నిలిచినచో పాదము పగులును. గరుకుమంచు మెత్తలను గీయును. అందువలన గట్టి నైలానుగుడ్డతో సంచివంటిది కుట్టి, మణికట్టుకడ వెల్క్రో పట్టీతో బిగింతుము. చూచుటకు సులభమే గాని కుట్టు లోపల మిగిలినచో రాచుకొని పుండు పడును. పట్టీ బిగువైనచో రక్తము ఆడక పాదము వాచును. వదులైనచో మొదటి మలుపుననే ఊడిపోవును. నాలుగు పాదములకు నాలుగు. అవి మైళ్లలెక్కన అరిగి చినుగును. అలాస్కాలో 1973 నుండి జరుగుచున్న ఇడిటరోడ్ పందెమున ప్రతి కుక్కకు ఎనిమిది మేజోళ్లుండవలెనని నియమము; అంతదూరము పోవు బండివాడు వేయికి మించి సిద్ధము చేసికొనును. మా పందెము పదిమైళ్లదే గనుక మాకు అన్ని యక్కఱలేదు. గురువారము రాత్రులు నలుగురైదుగురు స్త్రీలము మా యింట చేరి కుట్టుదుము. మిగిలినవి అమ్మి సంఘపు పెట్టెలో వేయుదుము. కాఫీ నాది, కబుర్లు అందఱివి.

ఆహారమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. చలిలో కుక్క వట్టినీరు త్రాగదు. మాంసపు రసము కలిపి గోరువెచ్చగా పెట్టినచో త్రాగును. క్రొవ్వు దానికి బలము. పడుకొనుటకు గోధుమగడ్డి వేయవలెను. పశువులు తిను పచ్చికగడ్డి చెమ్మ పట్టును.

ఊరినుండి చుట్టాలు "ఇది హింస గాదా?" యని అడుగుదురు. ప్రశ్న తప్పు గాదు. దూరపు పందెములలో కుక్కలు చనిపోయిన సందర్భములు గలవు. గొలుసులకు కట్టి పెంచు పద్ధతియు నాకు సమ్మతము గాదు. కాని బండి కట్టునపుడు వచ్చి చూడుడని వారికి చెప్పుదును. కుక్కలు ఎగిరి యూళలు పెట్టుచుండును. మంచులో నాటిన లంగరు పెఱికిన క్షణమున ఆ గోల యంతయు ఆగిపోవును. పాదముల చప్పుడు మాత్రమే వినవచ్చును.

ఇప్పుడు మాకు వచ్చిన చిక్కు మఱియొకటి. మంచే లేదు. 2023-24 శీతకాలము మిన్నెసోటా రాష్ట్రమున లెక్కలు వ్రాయుట మొదలైనది మొదలు కెల్ల వెచ్చనిది. పూర్వము సుపీరియర్ సరస్సు ఒడ్డున కుక్కలబండిమీద టపా మోసిన ఓజిబ్వే తెగవాడు జాన్ బేర్‌గ్రీజ్ పేరిట జరుగు పెద్దపందెము 2024లో నిలిచిపోయెను. మాదియు నిలిచెను. ఇడిటరోడ్ పందెమే మంచు చాలక 2003, 2015, 2017, 2025 సంవత్సరములలో ఫెయిర్‌బాంక్సు నుండి బయలుదేరవలసివచ్చెను. ప్రవేశ రుసుములు తిరిగి యిచ్చునప్పటికి మా పెట్టె యడుగంటెను. మార్చి సభలో సంఘమును మూయుదమని కొందఱనిరి. ఒక వృద్ధదంపతులు, మంచుకై యెదురుచూచుచు పదునాలుగు కుక్కలకు తిండి పెట్టజాలమని, తొమ్మిదింటిని ఇతరుల కిచ్చివేసిరి. ఆమె కండ్లనీరు పెట్టుకొనలేదు. ఒక్కొక్క కుక్క యేది తినునో, దేనికి భయపడునో కాగితములమీద వ్రాసి తెచ్చెను. ఆ కాగితములు నాయొద్దనే యున్నవి.

నేను చెప్పినదొక్కటే: నవంబరులో చక్రములబండ్లతో నేలమీదనే పందెము పెట్టుదము, మంచు వచ్చినచో ఫిబ్రవరిలో రెండవది. చక్రముల పందెము పందెమే గాదని పాతవారు ఈసడించిరి. లిబ్బీ రిడిల్స్ 1985లో ఇతరులు ఆగిన తుపానులో బండి తోలి, ఇడిటరోడ్‌లో గెలిచిన మొదటి స్త్రీ యయ్యెను. అట్టి తుపానులకై కుక్కలను పెంచితిమి గాని బాటమీద చక్రములకు గాదనిరి. ఆమె ధైర్యమును నేనును మెచ్చుదును. అయితే తుపాను రాని యేడు కుక్కలేమి చేయవలెను? వోట్లు తీసినపుడు మూడింటి యాధిక్యముతో నా మాట నెగ్గెను. మొదటి యేడు వచ్చిన బండ్లు తక్కువయే గాని, అందులో సగము బాలికలవి. రెండుకుక్కలతో మైలున్నర పోవుటకు పెద్ద ధనమక్కఱలేదు గదా.

ఈ యేటి సభ వచ్చు ఆదివారము. గోధుమగడ్డి నలుబది మోపులకు చెప్పితిని. ఆ వృద్ధురాలు, మిగిలిన అయిదు కుక్కలలో ముందునడుచు ముసలిదానిని ఈ నవంబరున పదునొకండేండ్ల బాలిక బండికి కట్టుటకు ఒప్పుకొన్నది. మెల్లగా తోలవలెనని షరతు.