చౌకీదారు ఎగ్గొట్టిన లెక్క

సోషియాలజీ పరీక్షకు కూర్చున్న పిల్లల్ని కదిపి చూడండి, గడగడా అప్పజెబుతారు: మనమే వెళ్లి సేకరిస్తే ప్రాథమిక దత్తాంశం, ఎవరో సేకరించి పెట్టింది వాడుకుంటే ద్వితీయం. మార్కులు పడతాయి, సందేహం లేదు. ఆ ‘ఎవరో’ ఎవరని మాత్రం ఎవరూ అడగరు. అడగాలంటే కలకత్తా వెళ్లాలి, రండి.

1943 బెంగాల్ కరువు. ఎంతమంది పోయారు? సర్కారు రిజిస్టర్లు ఉన్నాయి కదా అంటారు. పల్లెల్లో చావు కబురు చేరవేసే పని చౌకీదారుది. ఆ ఏడాది చౌకీదార్లలోనే కొందరు చనిపోయారు, కొందరు జీతాలందక మిలిటరీ పనుల్లోకి వెళ్లిపోయారు. ఇక రాయించేదెవరండీ? కరువు మీద సర్కారు వేసిన విచారణ సంఘం ఈ లోపం తెలిసే, రిజిస్టర్లను సవరించుకుని, 1945లో సుమారు 15 లక్షలంది. కలకత్తా విశ్వవిద్యాలయపు ఆంత్రోపాలజీ శాఖ నుంచి క్షితీశ్ ప్రసాద్ చటోపాధ్యాయ 35 లక్షలన్నారు. ఆయన కొన్ని ప్రాంతాల్లో చేయించిన సర్వేని రాష్ట్రమంతటికీ సాగదీశారని తర్వాత అమర్త్యసేన్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే, పాత రిజిస్టర్లు మళ్లీ తిరగేసి, తానూ 30 లక్షల దగ్గర తేలారు.

అదే శాఖలోని తారకచంద్ర దాస్‌ది మరో దారి. శిష్యుల్ని వెంటబెట్టుకుని, నగరం వీధుల్లో పడి ఉన్న నిరాశ్రయుల దగ్గరికే వెళ్లారు. ఏ జిల్లా, ఏ వృత్తి, ఇంట్లో ఎవరు మిగిలారు? అలా అడిగితే తేలింది, వచ్చినవాళ్లలో భూమిలేని వ్యవసాయ కూలీలే ఎక్కువని. ఆ సర్వే 1949లో పుస్తకంగా అచ్చయింది. ఆకలితో ఉన్న మనిషిని ప్రశ్నలడగడం ఎంత ఇబ్బందో ఊహించుకోండి. అయినా ఎవరి బతుకు ముందు కూలిందో చెప్పగలిగింది అలాంటి సర్వేలే. ఈ ఒక్క విషయంలో నా ఓటు తారకబాబుకే.

అలాగని ఇతరులు పోగేసినదంతా అనుమానించాల్సిందేనా? అబ్బే! జంతుశాస్త్రవేత్త అన్నండేల్ కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు తీయించి, వాటి సంగతి చూడమని ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కి ఇచ్చాడు. వాటి మీద మహలనోబిస్ తొలి వ్యాసం 1922లో వచ్చింది. ఒక జనసమూహం ఇంకోదానికి ఎంత దగ్గరో లెక్కగట్టాలన్న తపన అక్కడ మొదలై, 1936 నాటికి ‘మహలనోబిస్ దూరం’ అన్న సూత్రమైంది.

ఆయన పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి 1941లో మన సి.ఆర్. రావుగారు చేరుకున్నారు, విశాఖపట్నం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివి. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో ఇంకెవరో తీసిన జనం కొలతల్ని ఆయన విశ్లేషించారు. ఆ అనుభవమే 1946లో ఆయన్ని కేంబ్రిడ్జికి చేర్చింది. అక్కడ ఆయన ముందుకొచ్చింది సూడాన్‌లోని జెబెల్ మోయా సమాధుల్లోంచి, మొదటి ప్రపంచయుద్ధానికి ముందు తవ్వితీసిన ఎముకలు. తవ్వించిన హెన్రీ వెల్కమ్ పోయి అప్పటికే పదేళ్లు.