బడి ఖర్చుకు ఓటరు సంతకం

మిల్వాకీ నగరం నుంచి నైరుతి దిశగా బయల్దేరితే హిమానీనదాలు వదిలివెళ్లిన గుట్టలు, ఓక్ చెట్ల అడవి ఎదురవుతాయి. కెటిల్ మొరైన్ అనే ఆ అడవి పరిసరాల్లోనే పల్మైరా, ఈగిల్ అనే రెండు చిన్న ఊళ్లున్నాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇలాంటి ఊళ్లకు కొదవలేదు. కానీ ఒక్క బ్యాలెట్ ప్రశ్న కారణంగా సొంత బడినే పోగొట్టుకునేదాకా వెళ్లి వెనక్కి వచ్చినవి మాత్రం అరుదు.

2019 ఏప్రిల్‌లో ఈ రెండు ఊళ్ల ఉమ్మడి స్కూలు డిస్ట్రిక్ట్ అదనపు డబ్బు కోసం ఓటర్ల అనుమతి కోరింది. (మన జిల్లాతో దీనికి పోలిక లేదు. బడులు నడిపే, వాటికోసం పన్ను వేసే అధికారం ఉన్న, జనం ఎన్నుకున్న బోర్డు పరిధి అది.) ఓటర్లు కాదన్నారు. ఇక నడపడం తమవల్ల కాదంటూ జులైలో బోర్డు ఏకంగా డిస్ట్రిక్ట్‌నే రద్దు చేయాలని తీర్మానించింది. పిల్లలను చుట్టుపక్కల డిస్ట్రిక్టులకు పంచేయాల్సిన పరిస్థితి. కాదని ఓటేసినవారిలో ఇంత దూరం వస్తుందని ఎందరు ఊహించారో చెప్పలేం. చివరికి 2020 జనవరిలో రాష్ట్ర అప్పీలు బోర్డు ఆ రద్దును తోసిపుచ్చింది. బడి మిగిలింది, డబ్బు కొరతా మిగిలింది.

బడి బడ్జెట్‌కు ఓటేయడమన్నది భారతీయులకు వింతగానే తోస్తుంది. ఇక్కడ 2004లో కేంద్రం పన్నుపై 2 శాతం విద్యా సెస్సు వేసినప్పుడు గానీ, 2018లో ఆరోగ్యంతో కలిపి దాన్ని 4 శాతం చేసినప్పుడు గానీ జీతగాడిని ఎవరూ అడగలేదు. విస్కాన్సిన్‌లో అడగక తప్పదు. అక్కడ 1993 నుంచి ప్రతి డిస్ట్రిక్ట్ ఆదాయానికీ చట్టం ఒక పరిమితి విధించింది. రాష్ట్రం ఇచ్చే సాధారణ గ్రాంటు, స్థానికంగా వసూలయ్యే ఆస్తి పన్ను కలిపి ఆ గీత దాటకూడదు. దాటాలంటే ఓటరు ఔననాలి. ధరలతోపాటు ఆ పరిమితీ పెరిగే ఏర్పాటు 2009లో ఆగిపోయింది. జీతాలు, డీజిలు, బీమా మాత్రం ఆగలేదు. 2023లో గవర్నర్ టోనీ ఎవర్స్ తన వీటో అధికారంతో బడ్జెట్ బిల్లులో కొన్ని అంకెలు కొట్టేసి ‘2024-25’ను ‘2425’గా మార్చారు. దాంతో విద్యార్థికి ఏటా 325 డాలర్ల చొప్పున పరిమితిని పెంచుకునే వీలు 400 ఏళ్లకు దక్కింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2025లో ఆ చమత్కారాన్ని సమర్థించింది కూడా. అయితే అది వసూలు చేసుకోవడానికి అనుమతే తప్ప చేతికొచ్చే డబ్బు కాదు. గ్రాంటు పెరగకపోతే ఆ భారం ఇంటి పన్ను మీదే పడుతుంది. చాలామంది ఓటర్లు పొరబడే చోటు ఇదే.

పోలింగ్ కేంద్రంలో ఇవేవీ కనిపించవు. కనిపించేది చట్టం సెక్షన్ నంబరుతో కూడిన పొడవాటి వాక్యం, దానికింద ఔను, కాదు. ఆ వాక్యంలో ఒక్క మాటతో లెక్క మారిపోతుంది. పెంపు కొన్నేళ్లకే పరిమితమా, శాశ్వతమా అన్నది ఆ మాటే చెబుతుంది. భవనాల కోసం అప్పు చేయడానికైతే విడిగా మరో ప్రశ్న. పైకప్పు బాగు చేయడానికి ఔనన్న ఓటరు టీచర్ల జీతాలకూ ఔనన్నట్టు కాదు.

మరి ఎవరు వివరించాలి? డిస్ట్రిక్ట్ తన ఖర్చుతో సమాచారం ఇవ్వొచ్చు గానీ, ‘ఔననండి’ అని ప్రచారం చేయడానికి ప్రజాధనం వాడకూడదు. అందుకే ఇంటింటికీ వచ్చే కరపత్రంలో లక్ష డాలర్ల ఇంటికి పన్ను ఎంత పెరుగుతుందో ఉంటుంది, ఏం చేయమన్న సలహా ఉండదు. ఆ పని తల్లిదండ్రులూ స్వచ్ఛంద కమిటీలూ చేస్తాయి, వ్యతిరేకులూ ఊరుకోరు. 2024లో రాష్ట్రమంతటా 241 ప్రశ్నలు ఓటుకు రాగా 169 నెగ్గాయి. రాజధాని మాడిసన్‌లో నవంబరులో ఓటర్లు బడి భవనాలకు 50.7 కోట్ల డాలర్లు, నిర్వహణకు 10 కోట్ల డాలర్లు మంజూరు చేశారు. అదే బ్యాలెట్‌లో నగరపాలక సంస్థ అడిగిన 2.2 కోట్లకూ ఔనన్నారు.

మిల్వాకీ కథ వేరు. 2024 ఏప్రిల్‌లో అక్కడ 25.2 కోట్ల డాలర్ల ప్రతిపాదన దాదాపు 51 శాతం ఓట్లతో గట్టెక్కింది. రెండు నెలలు తిరక్కముందే ఆ డిస్ట్రిక్ట్ తన ఆర్థిక నివేదికలను రాష్ట్రానికి నెలల తరబడి సమర్పించలేదని బయటపడింది. సూపరింటెండెంట్ రాజీనామా చేశారు. ఔనన్నవారికీ కాదన్నవారికీ ఓటు వేసేనాటికి అసలు లెక్కలే తెలియవన్నమాట. కరపత్రం ఎంత చక్కగా ఉంటేనేం?

మాడిసన్ పరిసరాల్లో, మిల్వాకీ శివార్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇల్లు కొనేముందు వాళ్లు వాకబు చేసేది స్కూలు డిస్ట్రిక్ట్ గురించే. హెచ్-1బీ, గ్రీన్‌కార్డులపై ఉన్నవారు ఇంటి పన్ను కట్టాల్సిందే గానీ ఓటు లేదు. పౌరసత్వం వచ్చాక మాత్రం ఆ పొడవాటి వాక్యం వారి ముందుకూ వస్తుంది.

ఏటా డిసెంబరులో వచ్చే పన్ను బిల్లులో ఓటర్లు ఆమోదించిన తాత్కాలిక పెంపులను ఒక గడిలో విడిగా చూపిస్తారు, ఏ సంవత్సరంతో ముగుస్తాయో సహా. శాశ్వతంగా ఆమోదించినదానికి ముగింపు సంవత్సరం లేదు. అది ఆ గడిలో కనబడదు, మామూలు పన్నులో కలిసిపోతుంది.