కుక్కకి ఎవరు పరాయి?

మొరగడం కుక్కకి పుట్టుకతో వస్తుంది. ఎవర్ని చూసి మొరగాలో మాత్రం చాలావరకు ఇంటివాళ్ళే నేర్పుతారు. రెండు నెలలుగా ఒక కుక్కపిల్లని పెంచుతూ ఈ మాట రాస్తున్నాను.

గుణదలలో ఏలూరు కాలవ గట్టు మీద ఈనిన ఒక వీధికుక్క పిల్ల అది. నాటు రకం. ఒంటికి మించిన చెవులు. అందుకే గబ్బిలం అని పేరు పెట్టి, గబ్బీ అని పిలుస్తున్నాం. జాషువా 1941లో రాసిన కావ్యంలో గుడిలోకి పోలేని మనిషి శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. మా గబ్బి ఇంకా ఎవరికీ ఏ కబురూ మొయ్యలేదు. చెప్పులు మాత్రం మోసుకుపోతోంది.

దాన్ని ఇంటికి తేవడం మా అమ్మకి ఇష్టం లేదు. అమ్మ గుడివాడ వైపు పల్లెలో కూలికి పోయిన మనిషి. "కుక్కలు మనల్ని వాసన పట్టేస్తాయి రా" అంటుంది. కూలి డబ్బుల కోసం ఆసామి ఇంటి గేటు దగ్గర నిలబడితే, అప్పటిదాకా తోక కూడా కదపకుండా పడుకున్న కుక్క ఒక్కసారిగా లేచి మీదికొచ్చేదట. ఊళ్ళోవాళ్ళు ఎవరెళ్ళినా లేవని కుక్క, పేట వాళ్ళని చూస్తే లేచేదట. కులానికి వాసన ఉంటుందనీ, అది కుక్కకి తెలుస్తుందనీ అమ్మ నమ్మకం.

కులానికి వాసన లేదు. మరి ఆ కుక్కకి ఎలా తెలిసింది?

గేటు దగ్గర జరిగేది కుక్క వైపు నుంచి చూడండి. కొందరు నేరుగా లోపలికి వస్తారు, కుర్చీలో కూర్చుంటారు, కాఫీ తాగుతారు, నవ్వుతారు. కొందరు గేటు బయటే ఆగిపోతారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు యజమాని గొంతు మారుతుంది. కుక్క మొరుగుతుంది. బయట మనిషి రెండడుగులు వెనక్కి వేస్తాడు. కూలి తీసుకుని వెళ్ళిపోతాడు. తను మొరగబట్టే పోయాడని కుక్క లెక్క. రేపు ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది. పోస్ట్‌మ్యాన్ మీద, గ్యాస్ బండ తెచ్చే కుర్రాడి మీద కుక్కలు రోజూ ఎగబడడానికీ ఒక కారణం ఇదే. మొరిగిన ప్రతిసారీ వాళ్ళు వెళ్ళిపోతారు.

పైగా కుక్క మన మొహం చదువుతుంది. 2012లో ఇటలీలోని మిలాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫ్యానుకి రిబ్బన్లు కట్టి కుక్కల ముందు పెట్టారు. ఆ వింత వస్తువు ఏమిటో తెలియక చాలా కుక్కలు యజమాని వైపు చూశాయి. యజమాని నవ్వుతూ మాట్లాడితే దగ్గరికి పోయాయి, భయపడితే వెనక్కి తగ్గాయి. ఫ్యానుకే అలా అయితే, గేటు బయట నిలబడ్డ మనిషి సంగతి చెప్పాలా?

క్లాసులో ఏకలవ్యుడి కథ వచ్చినప్పుడు అందరూ బొటనవేలు దగ్గరే ఆగుతారు. నేను కుక్క దగ్గర ఆగుతాను. పాండవుల వేటకుక్క అడవిలో ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. నల్లటి ఒళ్ళు, దుమ్ము, జింక తోలు, జడలు కట్టిన జుట్టు. కుక్క చూసింది ఇదేనని సంస్కృత మూలమే చెబుతుంది. అతను ఏడు బాణాలతో దాని నోరు మూశాడు. ఆ విలువిద్య చూసి అందరూ ఆశ్చర్యపోయారు. రాజకుమారుల చేతుల్లో పెరిగిన కుక్క ఆ మనిషిని చూసి ఎందుకు మొరిగిందని ఎవరూ అడగలేదు. మీరు అడగండి.

ఇక గబ్బి సంగతి. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక కిటికీ తెరిచి ఉంటుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కుక్కల్ని పెంచి చూసి 1965లో దీని గురించి పెద్ద పుస్తకమే రాశారు. ఆ వయసులో చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు దానికి లోకంలో మామూలు సంగతులైపోతాయి. చూడనివాటికి తర్వాత భయపడుతుంది. భయమే చాలాసార్లు మొరుగుడవుతుంది, కరుపవుతుంది.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా ఆగితే ఆ కిటికీ మూసుకుపోతుంది. నేల మీద వదిలితే పార్వో జబ్బు భయం. అందుకని మొదటి టీకా పడిన వారం తర్వాత చంకనెత్తుకుని తిప్పాను. గుణదల స్టేషన్‌లో రైలు కూత వినిపించాను. మాత కొండ మెట్ల మీద, ఫిబ్రవరి ఉత్సవాల జనం తగ్గాక, ఓ పక్కన కూర్చోబెట్టుకున్నాను. చేతికర్రతో నడిచే ముసలాయన, బురఖా వేసుకున్న అమ్మాయి, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, తాగి తూలేవాడు, బడిపిల్లలు. ఒక్కొక్కరిని చూసినప్పుడల్లా ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి నోట్లో పెట్టాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఇది చూసి నొచ్చుకున్నారు. "అందర్నీ అలవాటు చెయ్యకండి మాస్టారూ. చెత్తవాళ్ళు, డెలివరీవాళ్ళు వస్తే మొరగాలి. లేకపోతే కుక్క ఎందుకు?"

"వాళ్ళు పని మీద వచ్చేవాళ్ళేగా అండీ. వాళ్ళ మీదే మొరుగుతుంటే, దొంగ వచ్చిన రోజు దాని మాట మీరు వింటారా?" అన్నాను. ఆయన లిఫ్ట్ ఎక్కేశారు.

పొద్దున్నే చెత్తబండితో వచ్చే అక్కకి కుక్కంటే భయం. "ముందు దాన్ని పట్టుకోండి సార్" అంది. ఆ భయం ఉత్తది కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. తెల్లారకముందే వీధుల్లో నడిచేవాళ్ళకి అది రోజూ ఎదురయ్యే సంగతి. కాబట్టి మిత్రులారా, అలవాటు చెయ్యడం అంటే కుక్కని జనం మీదికి వదలడం కాదు. గొలుసు నా చేతిలో ఉండాలి. భయపడే హక్కు ఆమెకి ఉంది. మా కుక్కకి పాఠం చెప్పే బాధ్యత ఆమెకి లేదు.

మొదటి వారం పదడుగుల దూరంలో కూర్చున్నాం. చీపురు చప్పుడు, బండి చక్రాల మోత, ఈల. మోత రాగానే గుడ్డు ముక్క. రెండో వారం అయిదడుగులు. గొలుసు బిగిస్తే దానికి కంగారు తెలిసిపోతుంది కాబట్టి కాస్త వదులుగా పట్టుకున్నాను. మీదికి దూకబోతే తిట్టలేదు, కొట్టలేదు. అటు తిరిగి నిలబడ్డాను. నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటేనే ముక్క. మూడో వారం ఆ అక్కే చెయ్యి చాపింది. "ఇటివ్వండి సార్, నేను పెడతా." గబ్బి ముందు కూర్చుంది, తర్వాత తీసుకుంది.

పళ్ళు వచ్చే వయసు కదా, చేతులు కొరుకుతుంది. కొరికినప్పుడు ఆట ఆపేసి లేచిపోతాను. నిమిషం తర్వాత తడిగుడ్డ ఇస్తాను. కొడితే నేర్చుకుంటుందని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మనం బడుల్లో ఆ మాట చాలానే విన్నాం. కొడితే కుక్క నేర్చుకునేది ఒక్కటే, ఆ చేతిని చూసి భయపడడం.

ఇప్పుడు గబ్బికి పదిహేనో వారం. కిటికీ చాలావరకు మూసుకున్నట్టే. రేబిస్ టీకా పడింది. మొరగడం కూడా మొదలుపెట్టింది. అర్ధరాత్రి గోడ దూకిన పిల్లిని చూసి మొరుగుతుంది, కుక్కర్ విజిల్ విని మొరుగుతుంది. చెత్తబండి వస్తే మాత్రం గేటు దగ్గర కూర్చుని తోక ఊపుతుంది. అమ్మ ఇంకా దాన్ని ముట్టుకోదు. కానీ నిన్న పెరుగన్నం కలిపి గిన్నె దాని ముందుకు కాలితో జరిపింది. ఆమెకి ఎన్ని వారాలు పడితే అన్ని వారాలు.

జై భీమ్.