నీళ్ల ముల్లు

కారు కొన్నామంటే ఇంటికొచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఎంత పడింది? లీటరుకు ఎన్ని కిలోమీటర్లిస్తుంది? ఏసీ బాగుందా? 2018లో నేను నాలుగేళ్లు వాడిన ఓ డీజిల్ కారు కొని దౌల్తాబాద్‌లో మా ఇంటి ముందు ఆపినప్పుడు నాయిన ఇవేవీ అడగలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్లు చికిలించి మీటర్లు చూసి, "గీ బండికి నీళ్ల ముల్లు యాడుందిరా?" అన్నాడు.

నాయిన ముప్పై ఏళ్లు తాండూరు నాపరాళ్ల లారీ నడిపాడు. ఆ లారీ స్టీరింగు వెనక మూడు చిన్న మీటర్లుండేవి. నీళ్ల వేడికొకటి, ఆయిల్ ప్రెషరుకొకటి, బ్యాటరీకొకటి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన రోడ్డు మీద ఒక కన్ను, వాటి మీద ఒక కన్ను వేసేవాడు. నా కారులో వేగం, ఇంజను తిరిగే లెక్క, డీజిలు తప్ప మరే ముల్లూ లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరి వేడెక్కితే ఎర్ర లైటు, అంతే.

"అన్నీ కంప్యూటరే చూసుకుంటది నాయినా. వేడెక్కితే లైటొస్తది" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "లైటు సావు కబురు చెప్తది బిడ్డా. ముల్లయితే జరమొచ్చిన నాడే చెప్తది."

మరుసటి ఏప్రిల్‌లో ఆ మాట నిజమైంది. నాయిన కంటి శుక్లాలకు హైదరాబాద్‌లో ఆపరేషను రాయించాం. దారిలో తాండూరులో అక్కను ఎక్కించుకుని, ధారూరు దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతున్నాం. బయట మండుటెండ, లోపల ఏసీ, హాయిగా కబుర్లు. ఎర్ర లైటు వెలగడం, బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం దాదాపు ఒకేసారి జరిగాయి. రేడియేటరు గొట్టం పగిలి కూలెంటంతా ఎప్పుడో కారిపోయింది. హెడ్ గాస్కెట్ కాలింది. నెల జీతం పోగా అక్క దగ్గర అప్పు చేశాను. అంతకన్నా బాధ, ఆపరేషను నెలన్నర వెనక్కి పోయింది. ఆ నెలన్నరా నాయిన గోడ పట్టుకుని నడిచాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

కారు బాగయ్యాక తాండూరులో ఒక మెకానిక్ దగ్గర కూర్చుని అసలు సంగతి తెలుసుకున్నాను. ఈ కాలపు ఇంజను మామూలుగా 90 డిగ్రీల దగ్గర నడుస్తుంది. 95, 100 మధ్య ఫ్యాను తిరిగి దాన్ని కిందికి దించుతుంది. ఎర్ర లైటు సాధారణంగా 115 దాటితే గానీ వెలగదు. ముల్లున్న కార్లలోనూ చాలావాటిలో అది కాస్త అటూఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా తయారీలోనే సర్దుతారు. లేకపోతే ముల్లు కదిలినప్పుడల్లా కొన్నవాళ్లు షెడ్డుకు పరుగెత్తుతారట. ఆయిల్ లైటు మరీ అన్యాయం. ప్రెషరు దాదాపు అడుగంటితేనే అది వెలుగుతుంది.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న పరికరం గుచ్చితే నీళ్ల వేడి అంకెల్లో సెల్‌ఫోనులో కనిపిస్తుంది. తీగలు కోయక్కర్లేదు. కానీ కారులో ఉన్న సెన్సార్లు చెప్పేదే అది చూపిస్తుంది. నా కారులో ఆయిల్ ప్రెషరుకు ఉన్నది ఒట్టి స్విచ్చే, కొలిచే సెన్సారు కాదు. అందుకే విడిగా మీటర్లే పెట్టించాను.

నాయిన స్టూలు వేసుకుని దగ్గరుండి చేయించాడు. పై గొట్టం మధ్యలో చిన్న ముక్క బిగించి వేడి సెన్సారు పెట్టారు. ఆయిల్ స్విచ్చి ఉన్నచోట మూడు మూతుల జాయింటు వేసి, పాత లైటును అలాగే ఉంచి, పక్కన కొత్త సెన్సారు అమర్చారు. మూడోది ఓల్టు మీటరు. ఇంజను ఆగి ఉంటే 12.6, నడుస్తుంటే 14 దరిదాపుల్లో చూపాలి. కరెంటుకు వేరే ఫ్యూజు వేశారు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే చోటికి అడ్డం రాకుండా మీటర్లను డ్యాష్‌బోర్డు మధ్యలో కింద బిగించారు.

మొదటి నెలంతా నాకు నరకం. ముల్లు 96కు పోతే గుండె దడ, 88కి దిగితే అనుమానం. బండి ఆపి దిగడం, బానెట్ ఎత్తడం. నాయిన చూసి చూసి విసుక్కున్నాడు. "ముల్లు యాడుందో చూసుడు గాదురా. నిన్న గిదే తొవ్వల, గిదే ఎండల యాడుండె? గది యాదికుంచుకో."

అప్పటినుంచి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. చదును రోడ్డు మీద 90. ఘాటులో ఏసీతో 97. ట్రాఫిక్‌లో నిలబడితే 98, ఫ్యాను తిరిగాక 92. రెండు నెలలకు బుక్కు అవసరం తీరింది. కారు ఒంటి తీరు నాకు తెలిసిపోయింది.

ఒక సాయంత్రం పరిగి దాటి ఇంటికొస్తున్నాం. చదును రోడ్డు, చల్లగాలి, అటూ ఇటూ కందిచేలు. ముల్లు 98 మీద ఉంది. ఆ అంకెలో తప్పు లేదు, ఆ చోట ఉండటమే తప్పు. ఏ లైటూ వెలగలేదు. కారు పక్కకు ఆపాను. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి కాబట్టి అరగంటపైనే ఆగాం. చూస్తే కింది గొట్టం క్లిప్పు వదులై బొట్టుబొట్టుగా కారుతోంది. స్క్రూడ్రైవరుతో బిగించి, తగ్గినంత పోసి బయల్దేరాం. చేతి ఖర్చు ఏమీ లేదు.

ఆపరేషనయ్యాక నాయిన కళ్లు బాగా కనిపిస్తున్నాయి. ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని ఆ ముల్లు చూడటం ఆయన పనే. కొడంగల్‌లో మా ఊరి దారి మళ్లగానే ఒకసారి వంగి చూస్తాడు.

"తొంబై" అంటాడు. వెనక్కి వాలి కళ్లు మూసుకుంటాడు.