చెవులాయన కొట్టు

2020 ఏప్రిల్‌లో నా ఆఫీసు ఫ్రెండ్ ఒకడు నాకో లిస్టు పంపాడు. 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' చూడటం మొదలుపెడుతున్నానని చెప్పానంతే. ఏడు సీజన్లు, 170కి పైగా ఎపిసోడ్లు, అన్నీ చూడక్కర్లేదు, వీటిని వదిలేసినా కథ ఎక్కడా తెగదు అన్నాడు. అందులో ముప్పాతిక వంతు ఫెరెంగీ ఎపిసోడ్లే. ఒక్కోదాని పక్కన "కామెడీ, స్కిప్" అని రాసిపెట్టాడు. పాటలొస్తే ఫార్వర్డ్ నొక్కే జనాన్ని చూశాను గానీ, కామెడీ వస్తే నొక్కమనేవాణ్ణి చూడటం అదే మొదలు.

ఒక్కదాన్నే ఉంటే ఆ లిస్టు ప్రకారమే చూసేదాన్నేమో. కానీ అప్పటికి నేను తెనాలిలో ఇరుక్కుపోయాను. ఉగాదికని ఇంటికొస్తే పండగరోజే లాక్‌డౌన్ మొదలైంది. మా నాన్నకి బట్టల కొట్టు ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ రాత్రి తొమ్మిదిలోపు ఆయన్ని ఇంట్లో చూసింది లేదు. అలాంటి మనిషి పొద్దస్తమానం హాల్లోనే. పేపరు రెండుసార్లు చదివేసి, కొట్టు తాళాలు ఓసారి చూసుకుని, సాయంత్రమయ్యేసరికి నా లాప్‌టాప్ పక్కన కుర్చీ వేసుకునేవారు. ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను మధ్యమధ్యలో చెప్తూ ఉండాలి. కెప్టెన్ సిస్కోని, వర్మ్‌హోల్‌ని, బజోరన్ల దేవుళ్ళని ఆయన పట్టించుకోలేదు. మొదటిరోజు అడిగింది ఒకటే.

"ఆ పెద్ద చెవులాయన ఎవరమ్మా? కొట్టు పెట్టుకున్నాడే."

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1993 నుంచి 1999 దాకా వచ్చిన ఈ సీరియల్లో కథంతా ఒక అంతరిక్ష కేంద్రం చుట్టూ తిరుగుతుంది. పక్కనున్న బజోర్ గ్రహం అప్పుడే ఆక్రమణ నుంచి బయటపడింది. తర్వాత డొమినియన్‌తో పెద్ద యుద్ధం వస్తుంది. స్టార్ ట్రెక్‌లో అంతకుముందు లేనంత చీకటి కథ ఇది. ఆ కేంద్రంలో బారు నడుపుకునేవాడు క్వార్క్, ఫెరెంగీ జాతివాడు. ఫెరెంగీలకి సంపాదనే మతం. 285 సంపాదన సూత్రాలు ఉంటాయి. వాళ్ళ ఆడవాళ్ళు లాభం ఆర్జించకూడదు, ఒంటిమీద బట్ట కూడా కట్టకూడదు. క్వార్క్ తమ్ముడి పేరు పలకడానికి మన 'రామ్' లాగే ఉంటుంది. అన్న ఎన్ని తిట్టినా బారులో గ్లాసులు కడుగుతూ పడి ఉంటాడు. వంటింట్లోంచి వింటున్న అమ్మ, "అన్న మాట జవదాటకపోతే లక్ష్మణ్ అని పెట్టాలిగా" అంది.

ఈ ఫెరెంగీలు మొదట కామెడీ కోసం పుట్టలేదు. 1987లో 'నెక్స్ట్ జనరేషన్'లో వీళ్ళని భయంకరమైన కొత్త శత్రువులుగా తెద్దామనుకున్నారు. తీరా తెరమీద వాళ్ళు గెంతుతూ వంకర్లు పోతుంటే జనం భయపడకపోగా నవ్వారు. ఆ ఎపిసోడ్లో ఫెరెంగీగా వేసిన వాళ్ళలో ఆర్మిన్ షిమర్‌మన్ ఒకడు. ఆ నటనకి తర్వాత చాలాసార్లు నొచ్చుకున్నాడు. క్వార్క్ పాత్ర దొరికాక దాన్ని దిద్దుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. అంతకన్నా బరువైన విమర్శ ఇంకోటుంది. డబ్బుపిచ్చి, వంగిన నడక, ఎత్తిచూపే ముక్కూ చెవులూ, ఇవన్నీ యూరప్‌లో యూదుల మీద తరతరాలుగా గీసిన వెకిలి బొమ్మల్ని గుర్తుచేస్తాయని. చూసినవాళ్ళెవరూ అది తేలిగ్గా కొట్టిపారేయలేరు.

నేనైతే అసలు కొట్టిపారేయలేను. అదే 1987లో మన దగ్గర 'అహ నా పెళ్ళంట' వచ్చింది. కోడిని తాడుకి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావు. గొప్ప కామెడీ, ఇప్పుడు చూసినా నవ్వుతాను. కానీ ఆ సినిమా తర్వాత కొన్నేళ్ళు బజార్లో మా నాన్నని వెనకాల "లక్ష్మీపతి" అనేవాళ్ళట. నా స్కూలు రోజుల్లో కూడా "మీ ఇంట్లో కోడి ఎక్కడ కట్టారే" అని అడిగినవాళ్ళున్నారు. మేం కోడి తినం, అది వేరే సంగతి. పది రూపాయలు తగ్గించనివాడు పిసినారి, బేరమాడి ముప్ఫై తగ్గించుకున్నవాడు తెలివైనవాడు. కొట్టువాడి మీద జోకులు కౌంటరుకి అవతలి పక్కనుంచే పుడతాయి.

అందుకే ఫెరెంగీలని చూసి నాన్న నవ్వుతుంటే నాకు లోపల ఇబ్బందిగా ఉండేది. ఆయనకేమీ లేదు. ఆయన క్వార్క్‌ని చూసి నవ్వట్లేదు, క్వార్క్‌తో కలిసి నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు టైం పట్టింది. అరువు అడిగే కస్టమర్ని చూడగానే క్వార్క్ మొహం మారుతుందే, అక్కడ నవ్వేవారు. లిస్టు పక్కన పెట్టేశాను.

నాలుగో సీజన్లో 'బార్ అసోసియేషన్' అని ఒకటుంది, 1996లో వచ్చింది. లిస్టులో అదీ ఉంది. బజోరన్ల ఉపవాస దినాలు, బారుకి జనం లేరు. క్వార్క్ పనివాళ్ళ జీతాల్లో మూడో వంతు కోసేస్తాడు. చెవికి ఇన్ఫెక్షన్ వచ్చినా సెలవు దొరకని తమ్ముడు రామ్, జన్మలో అన్నకి ఎదురు చెప్పనివాడు, యూనియన్ పెడతాడు. ఫెరెంగీలలో అది మహాపాపం. కమ్యూనిస్టు మేనిఫెస్టో కూడా ఎత్తుతాడు, అంత పీల గొంతుతో. నేను విరగబడి నవ్వుతున్నాను. పక్కకి చూస్తే నాన్న నవ్వట్లేదు.

మా కొట్లో ముగ్గురు గుమాస్తాలు. ఒకాయన నేను పుట్టకముందునుంచీ ఉన్నాడు. పెళ్ళిళ్ళ సీజను మొత్తం షట్టరు వెనకే పోయింది. ముహూర్తాలకని తెప్పించిన సరుకు అట్టపెట్టెల్లోనే ఉంది. ఏప్రిల్ నెలకి నాన్న వాళ్ళకి సగం జీతమే ఇచ్చారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడలేదు. ఎపిసోడ్ అయిపోయాక నేను ఊరుకోకుండా, "చూశావా నాన్నా" అన్నాను.

చివర్లో సిస్కో క్వార్క్‌ని పిలిచి, ఇన్నేళ్ళుగా నీ దగ్గర అద్దె అడగలేదు, కరెంటు ఖర్చు అడగలేదు, ఇప్పుడు మొత్తం కట్టు, లేదా సమ్మె తేల్చు అంటాడు. నాన్నకి ఎపిసోడ్ మొత్తంలో పట్టింది అదే.

"వాడికి అద్దె లేదు. నాకుంది."

మిగతా సగం నేనిస్తానన్నాను. "అది కొట్టు సంగతి, నువ్వు మాట్లాడకు" అన్నారు. రెండ్రోజులు మా మధ్య మాటల్లేవు. డొమినియన్ యుద్ధంలో గ్రహాలకి గ్రహాలు పోతుంటే మా ఇంట్లో ఎవరికీ చీమ కుట్టలేదు. చెవి నొప్పికి సెలవు దొరకని వెయిటర్ కథ దగ్గర అన్నం తినే బల్ల మౌనమైపోయింది. మూడోరోజు సాయంత్రం ఆయనే వచ్చి కుర్చీ వేసుకుని, "ఇవాళ లేదా?" అన్నారు. ఆ ఏడాది దసరా బోనస్ ఇచ్చేటప్పుడు కోసిన జీతం కూడా కలిపి ఇచ్చారని చాలా రోజుల తర్వాత అమ్మ చెప్పింది. ఆ ఎపిసోడ్ వల్ల ఇచ్చారని నేననుకోను. బాకీ అనకుండా బోనస్ అని ఎందుకన్నారో మాత్రం తెలుసు. అందులో క్వార్క్ కూడా యూనియన్ లేనట్టు బయటికి చెప్పే షరతు మీదే అన్ని డిమాండ్లూ ఒప్పుకుంటాడు.

లిస్టు పంపినవాడికి ఫోన్ చేసి వాదన పెట్టుకున్నాను. వాడు సినిమాలు జాగ్రత్తగా చూసే మనిషి, ఊరికే ఒప్పుకోడు. "సరే, కీవన్ సంగతేంటి?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆరో సీజన్ మొదట్లో కీవన్ అనే శత్రువు తన ప్రాణం కోసం తన సైనికులనే చావుకి అప్పగిస్తాడు. ఒళ్ళు జలదరించే ఎపిసోడ్ అది. కొన్ని వారాలకే 'ద మాగ్నిఫిసెంట్ ఫెరెంగీ'లో అదే కీవన్ పొరపాటున చచ్చిపోతే, ఫెరెంగీలు వాడి శవానికి యంత్రం తగిలించి కీలుబొమ్మలా నడిపిస్తారు. కడుపుబ్బ నవ్వాం. కానీ ఆ తర్వాత వాడి జాతివాళ్ళు తెరమీదకొచ్చి బెదిరిస్తుంటే, గోడకి గుద్దుకుంటూ నడిచిన శవమే గుర్తొచ్చేది. ఆ నవ్వు ఖర్చు యుద్ధం ఖాతాలో పడింది.

రెండోది ఇంకా ఘోరం. 1998 మేలో 'వేలియంట్' వచ్చింది. కుర్ర కేడెట్లు నడిపే యుద్ధనౌక పేలిపోయి ముగ్గురంటే ముగ్గురు బతుకుతారు. క్వార్క్ మేనల్లుడు కాదు గానీ తమ్ముడి కొడుకు, నాగ్, ఆ ముగ్గురిలో ఒకడు. మరుసటి వారం ఏముంది? 'ప్రాఫిట్ అండ్ లేస్'. క్వార్క్ ఆపరేషన్ చేయించుకుని ఆడవేషంలో వయ్యారాలు పోతుంటే ఒక ముసలి కంపెనీ ఛైర్మన్ మంచం చుట్టూ తరుముతాడు. అంతకుముందు, మూడో సీజన్లో, 'ఫ్యామిలీ బిజినెస్' అని ఒకటి చూశాం. క్వార్క్ తల్లి ఇష్కా దొంగచాటుగా వ్యాపారం చేసి కొడుకులకన్నా ఎక్కువ సంపాదిస్తుంది. బట్టలు కట్టుకుని సోఫాలో దర్జాగా కూర్చుంటుంది, అధికారులొచ్చి నేరం ఒప్పుకోమన్నా మొదట ఒప్పుకోదు. మా కొట్టు బోర్డు మీద తాతగారి పేరు పక్కన ఇప్పటికీ 'అండ్ సన్స్' అని ఉంటుంది. నాన్నకి కొడుకుల్లేరు. సూరత్ నుంచి ఏ చీరలు తెప్పించాలో, ఏ రంగు పోతుందో తేల్చేది అమ్మ. చిట్టా రాసేదీ అమ్మే. గల్లాపెట్టె దగ్గర ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇష్కా ఎపిసోడ్‌కి అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడే చూసింది, కూర్చోలేదు, చివరిదాకా వెళ్ళనూ లేదు.

అలాంటి ఇష్కా పోరాటం గెలుపు దాకా వచ్చాక, దాన్ని మగాడికి చీర కట్టి నవ్వించే పాత నాటకంలోకి దించేశారు. 'ప్రాఫిట్ అండ్ లేస్' సగంలో నాన్న మంచినీళ్ళకని లేచి మళ్ళీ రాలేదు. నేను ఆపేసి, మర్నాడు ఒక్కదాన్నే పూర్తిచేశాను. ఏలియన్లు కామెడీ చేశారనికాదు నా కోపం. ఇన్నాళ్ళూ ఆ లోకంలోనే నిలబడి చేసిన కామెడీని అవతలి పక్కకి, ఆ బేరమాడే కస్టమర్ పక్కకి, మార్చేశారు. చమత్కారం ఏంటంటే ఇది రాసింది ఐరా స్టీవెన్ బెర్, హాన్స్ బీమ్లర్. కీవన్ శవాన్ని నడిపించిందీ వాళ్ళే. ఆర్నెల్లకి 'ద సీజ్ ఆఫ్ ఏఆర్-558' రాసిందీ వాళ్ళిద్దరే.

ఈ చివరిది లిస్టులో లేదు. "ఇది తప్పకుండా చూడు" అని వాడే విడిగా చెప్పాడు. కానీ ఇది చూడాలంటే నాగ్ తెలియాలి. మొదటి సీజన్లో నాగ్ చిల్లర దొంగతనాల పిల్లాడు. మూడో సీజన్లో స్టార్‌ఫ్లీట్‌లో చేర్చుకోమని సిస్కోకి లంచం తెస్తాడు, మనం నవ్వుతాం. ఎందుకురా అని సిస్కో గట్టిగా నిలదీస్తే ఏడుస్తూ చెప్తాడు. మా నాన్న మంచి ఇంజనీరు అయ్యేవాడు, వ్యాపారం ఆయన వంటికి పడదు, నేను ఆయనలా మిగిలిపోకూడదు అని. బిటెక్ సీటు వచ్చినప్పుడు "కొట్టు ఎవరు చూస్తారు" అన్న నాన్నతో నేనన్న మాటలు దాదాపు అవే. ఈ సీన్ తెలుగులో చెప్పమని ఆయన అడిగితే, "చదువుకుంటానంటున్నాడు" అని మాత్రం చెప్పాను.

ఏడో సీజన్లో, ఒక పాడుబడ్డ గ్రహం మీద కందకాల్లో, శత్రువు ఎక్కడున్నాడో కనిపెట్టాలి. సిస్కో నాగ్‌ని పంపుతాడు. ఎందుకంటే వాడి చెవులు. ఆరు సీజన్లు ఏ చెవుల మీద జోకులేశారో, ఆ చెవులే వాడిని ముందు వరసకి పంపాయి. వాడి కాలు పోతుంది. అనుకోకుండా అక్కడ చిక్కుకున్న క్వార్క్ మంచం పక్కనే కూర్చుంటాడు. లోపలికి దూసుకొచ్చిన శత్రు సైనికుణ్ణి కాల్చేస్తాడు, జోకు లేకుండా. సౌకర్యాలన్నీ పోతే ఈ మనుషులు ఎంత క్రూరంగా మారతారో చూడమని నాగ్‌కి చెప్పిందీ అంతకుముందు అతనే. ఆ మాట అనే హక్కు కెప్టెన్లకి లేదు. గల్లాపెట్టె వెనక నిలబడి జనం అసలు మొహాలు చూసినవాడికే ఉంది. ఫెరెంగీ ఎపిసోడ్లన్నీ తీసేసి ఇదొక్కటే చూస్తే, ఎవరో సైడ్ క్యారెక్టర్ కాలు పోయిందని ముందుకెళ్ళిపోతాం. నాగ్ మళ్ళీ లేచి నడవడానికి ఒక పూర్తి ఎపిసోడ్ ఇచ్చారు తర్వాత, 'ఇట్స్ ఓన్లీ ఎ పేపర్ మూన్' అని. ఏ యుద్ధవీరుడికీ ఇవ్వనంత ఓపిగ్గా.

ఆ రాత్రి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. పడుకోబోతూ అడిగారు, "ఆ పిల్లాడి నాన్నకి ఎవరు చెప్తారు?" అని. రామ్ ఆ ఎపిసోడ్ మొదట్లో కాసేపు కనిపిస్తాడంతే. అప్పటిదాకా నాకు తట్టలేదు.

లిస్టులో ఒక్క 'ప్రాఫిట్ అండ్ లేస్' ఉంచి మిగతావన్నీ కొట్టేసి ఫ్రెండ్‌కి తిప్పి పంపాను. "కీవన్?" అని రిప్లై ఇచ్చాడు. బ్లూ టిక్ పడేలా చూసి ఊరుకున్నాను.

జూన్‌లో కొట్టు తెరిచారు, నేను హైదరాబాద్ వచ్చేశాను. నాన్న చివరి ఎపిసోడ్లు చూడనేలేదు. ఒక ఆదివారం ఫోన్లో ఉన్నట్టుండి, "ఇంతకీ ఆ చెవులాయన తమ్ముడు ఏమయ్యాడు?" అన్నారు. వాళ్ళ గ్రహానికే పెద్దని చేశారు, అందరికన్నా పైన, అని చెప్పాను.

"కొట్టో?"

"అన్నకే ఉంది."

"నయం," అన్నారు. వెనకాల ఎవరో చీర చూపించమంటున్నారు. మళ్ళీ చేస్తానని పెట్టేశారు.