మాఘ పున్నమికి సముద్రం దగ్గరికి

గోదారి జిల్లాల వాళ్లకి ‘బీచ్’ అనే మాట ఈమధ్య అలవాటైంది గానీ, సముద్రానికి వెళ్లడం ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే దానికో రోజుంది, ఓ లెక్కుంది. పుష్య బహుళ అమావాస్య నాడు కాకినాడ పక్కనున్న చొల్లంగిలో మొదటి మునక. అందుకే అది మాకు చొల్లంగి అమావాస్య. అక్కడ మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోటల్లా స్నానం చేసుకుంటూ భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేది చేరడం సప్తసాగర యాత్ర. ఏడు చోట్లా మునిగే ఓపికా తీరికా ఇప్పుడు ఎవరికున్నాయి? మొదటి ఆరూ వదిలేసి నేరుగా ఏడోదానికే పోతాం. రాజమహేంద్రవరం నుంచి మేమూ అలాగే బయల్దేరాం... నేనూ, మా మేనత్తా.

ఏకాదశి రథోత్సవానికైతే జనం లక్షల్లో వస్తారు. ‘ఆ తొక్కిసలాటలో నన్నెక్కడ వెతుక్కుంటావురా, పున్నమికి పోదాం’ అంది అత్తయ్య. మాఘ పౌర్ణమి నాడు చక్రపెరుమాళ్లకు సముద్రంలోనే స్నానం చేయిస్తారు. ఆ వెనకే మనమూ దిగొచ్చు.

మాఘంలోనే ఎందుకు? పురాణం సంగతి తర్వాత. రైతుని అడిగితే వేరే జవాబు చెబుతాడు. సార్వా ధాన్యం ఇంటికొచ్చి సంక్రాంతి వెళ్లిపోతుంది. దాళ్వా నాట్లయిపోతాయి. చేతిలో నాలుగు డబ్బులుంటాయి, ఎండ ఇంకా ముదరదు. అన్నిటికీ మించి తుపాన్ల కాలం దాటిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ సముద్రాన్ని నమ్మేవాడు లేడు. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. ఎడమవైపు గౌతమి, కుడివైపు వశిష్ఠ. వాటి మధ్యనున్న నేలకి కింద సముద్రం అడ్డం. అంటే కోనసీమ మొత్తం ఒక దీవేనన్నమాట! రావులపాలెం వంతెన మీద బస్సులో కునుకు తీస్తూ దాటేసేవాళ్లకి ఈ ముక్క తట్టదు. రావులపాలెం నుంచి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా పోతే ఆ దీవి కొసన అంతర్వేది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. కొబ్బరి తోటలు, కాలవలు, మళ్లీ కొబ్బరి తోటలు. ఎక్కడో సరుగుడు చెట్లు కనబడి గాలి ఉప్పగా తగిలితే ఊరు దగ్గరికొచ్చినట్టు. 2022 నుంచి ఇదంతా అంబేడ్కర్ కోనసీమ జిల్లా. అత్తయ్య మాత్రం ఇంకా ‘మన తూర్పు’ అనే అంటుంది.

బ్రహ్మ రుద్రయాగానికి వేదిక కట్టిన చోటు గనక అంతర్వేది అయిందంటారు. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు వశిష్ఠుడి నూరుగురు కొడుకుల్నీ చంపాడు. వాడి రక్తం ఎన్ని ఇసక రేణువుల్ని తడిపితే అంతమంది రాక్షసులు పుట్టుకొస్తారని వరం. నరసింహస్వామి వాణ్ణి సంహరించేటప్పుడు అశ్వారూఢాంబిక నాలుక చాచి ఆ రక్తాన్ని నేల మీద పడకుండా ఆపిందట. ఊళ్లోవాళ్లకి ఆవిడ గుర్రాలక్క, స్వామికి చెల్లెలు. ఏకాదశి నాడు రథం ఆవిడ గుడి దగ్గరికి వెళ్లి చీర, సారె ఇచ్చి గానీ ముందుకు కదలదు. పెళ్లయిన మర్నాడే అన్నగారు చెల్లెలింటికి వెళ్లి మర్యాద చేయడం... కోనసీమ వాళ్లు దేవుడికి కూడా బాగానే నేర్పారు!

ఇప్పుడున్న గుడి పంతొమ్మిదో శతాబ్దం నాటిది. కట్టించినవారు అగ్నికుల క్షత్రియులైన కొపనాతి కృష్ణమ్మ. ఈ తీర్థానికి వలల వాళ్లకీ, పడవల వాళ్లకీ ఉన్న చుట్టరికం అంత దగ్గరిది. లోపల స్వామి పడమటి ముఖంగా ఉంటాడు.

రథం అప్పటికే షెడ్డుకు చేరింది. అత్తయ్య దాని ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఇది కొత్తది. ఆమె చిన్నప్పటి నుంచి చూసిన టేకు రథం 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక షెడ్డులోనే కాలిపోయింది. పెద్ద గొడవైంది. దర్యాప్తును సీబీఐకి ఇస్తున్నట్టు అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. అయిదు నెలలు తిరిగేసరికి, 2021 ఫిబ్రవరికి కొత్త రథం సిద్ధమై ఆ ఏడు తీర్థంలోనే నడిచింది. ‘బావుంది. కానీ పాతదాని తాడు పట్టుకున్న చేతులురా ఇవి’ అంది అత్తయ్య. నేను ఏమీ అనలేదు.

పున్నమి తెల్లవారుజామున సముద్రం దగ్గర చలి. ఇసక మీద తడి బట్టల గుట్టలు, కొబ్బరి డొప్పల్లో దీపాలు, వేడివేడి టీ. పిల్లలు అప్పటికే జీళ్లు నములుతున్నారు. పల్లకీ వచ్చింది. మేళం ఆగింది. అర్చకులు చక్రాన్ని పట్టుకుని నడుం లోతు నీళ్లలోకి దిగారు. వాళ్లు మునగడమే ఆలస్యం, ఒడ్డంతా ఒక్కసారి నీళ్లలోకి ఒరిగింది. పున్నమి గనక పోటు ఎక్కువ, ఆటూ అంతే. వెనక్కి పోయే అల కాళ్ల కింది ఇసకని లాగేస్తుంది. గజ ఈతగాళ్లు ఈలలు ఊదుతూనే ఉన్నారు. కుర్రాళ్లు వినీ విననట్టు ముందుకు పోతూనే ఉన్నారు. ఆ ఈలని ఎగతాళి చేయడం నాకు నచ్చలేదు.

మా పక్కనే ఒక పెద్దావిడ. నీళ్లలోకి దిగలేదు. అల వచ్చి తగిలే చోట కూర్చుని పసుపు, కుంకుమ, రెండు పూలు వదిలింది. అత్తయ్య మాట కలిపింది.

‘స్నానం చేయవా అమ్మా?’

‘లేదండి. గంగమ్మకి ఇచ్చి పోతానండి.’ కాసేపాగి తనే చెప్పింది. ‘తొంభయ్యారులో మావోడు ఏటకెళ్లాడండి. బోటు రాలేదు. అప్పట్నుంచి దిగనండి. కొడుకూ ఏటకే ఎల్తాడు మరి... ఏం సేత్తాం, ఇవ్వాల్సిందేగా.’

ఆ తుపానులో వేటకెళ్లి తిరిగిరాని వాళ్లు వందల్లో ఉన్నారు. అత్తయ్య తన చేతిలో ఉన్న పూలు కూడా ఆవిడకే ఇచ్చేసింది.

స్నానమయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టుకు వెళ్లాం. వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. ఒకవైపు నది నీళ్లు, ఒకవైపు కడలి నీళ్లు, మధ్య ఇసక మేట. ఏడాదికో తీరుగా ఉంటుందది. ఒడ్డున కొబ్బరి బొండాలమ్మే ఆయన్ని కదిపితే, ‘మా చిన్నప్పుడు సముద్రం దాకా నడిస్తే కాళ్లు పీకేవండీ బాబూ... ఆయ్! ఇప్పుడదే మా దగ్గరికి నడిచొత్తంది’ అన్నాడు నవ్వుతూ. నవ్వే సంగతి కాదది. ఈ దీవిని కట్టింది గోదారి తెచ్చిన ఒండ్రు. పైన మహారాష్ట్రలో జాయక్‌వాడీ దగ్గర నుంచి కింద ధవళేశ్వరం దాకా ఎన్ని ఆనకట్టలో! ఒండ్రు వాటి వెనకే ఆగిపోతే, కెరటం కోసుకుపోయిన ఇసకని పూడ్చేదేది? ఉప్పాడలో వీధులకి వీధులే కడలి పాలయ్యాయి. కాకినాడలో బీచ్ ఫెస్టివల్‌కి లైట్లు పెట్టి పాటలు పాడించారు, బాగానే ఉంది. ఆ ఖర్చులో కొంత ఈ ఒడ్డుని కాచుకోవడానికి పెడితే ఇంకా బాగుండేది.

తిరుగు ప్రయాణం నరసాపురం వైపు పెట్టుకున్నాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ దాటి అవతలి ఒడ్డు. నరసాపురంలో రైలుంది. రోడ్డునే పోతామనేవాళ్లకి చించినాడ వంతెన ఉంది గానీ, పంటు మీద నిలబడితే తగిలే గాలి దానికెక్కడిది? మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, తడి చీరల మూటలు, జీళ్ల పొట్లాలతో పంటు నిండిపోయింది. ఓ పిల్లాడు సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చాడు. మధ్య ఏట్లో మూత తీసి రుచి చూసి, మొహం చిట్లించి, వాళ్లమ్మకి ఇచ్చేశాడు.