పాలపన్నుకూ ఓ గడువుంది

ఉస్మానియా క్యాంపస్‌లో సాయంత్రం నడకకొచ్చే పెద్దవాళ్ళ మాటలు ఎప్పుడైనా విన్నారా? షుగరు, బీపీ, మోకాళ్ళు అయ్యాక మనవల మీదికి మళ్ళుతాయి. అక్కడ పళ్ళ ఊసు తప్పకుండా వస్తుంది. "నాలుగేళ్ళ పిల్లాడికి రూట్ కెనాలట, పైన స్టీలు క్యాపట! ఊడిపోయే పన్నుకి ఇంత ఖర్చేమిటండీ?" అని ఓ అమ్మమ్మగారు అంటే పక్కనున్నవాళ్ళంతా అవునవునంటారు. తార్నాకలో పళ్ళ డాక్టర్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి కాబట్టి అనుమానం ఇంకాస్త బలపడుతుంది. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే లెక్క ఓసారి చూద్దాం, రండి.

ముందరి పాలపళ్ళు ఆరేడేళ్ళకే ఊడతాయి. మన మనసులో ఉండేది ఆ లెక్కే. దవడ పాలపళ్ళ సంగతి వేరు. అవి మొత్తం ఎనిమిది. మొదటి నాలుగూ 9 నుంచి 11 ఏళ్ళ మధ్య, వెనకవి నాలుగూ 10 నుంచి 12 ఏళ్ళ మధ్య ఊడతాయి. అంటే నాలుగేళ్ళప్పుడు పుచ్చిపోయిన వెనక దవడ పన్ను ఇంకో ఆరు నుంచి ఎనిమిదేళ్ళు అన్నం నమలాలి. ఇంకోటి కూడా చెప్పాలి. ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, ఆ వెనక పాలపన్ను పక్కన కొత్త దవడ పన్ను వస్తుంది. దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేసే ఇళ్ళు ఎన్నో. అది జన్మంతా ఉండాల్సిన పన్ను! ముందున్న పాలపన్నును తొందరపడి పీకించేస్తే ఆ ఖాళీలోకి ఇది ఒరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్నుకి చోటుండదు. పీకక తప్పనప్పుడు ఆ చోటు కాపాడటానికి స్పేస్ మెయింటెయినర్ అనే తీగ వేస్తారు.

మరి ఇంత చిన్న పిల్లలకి పుచ్చు అంత లోతుకి ఎలా పోతుందంటారా? పాలపన్ను పైపొర మందం దాదాపు ఒక్క మిల్లీమీటరు, మన పళ్ళ పొరలో సగం. లోపలి నరం గదేమో పన్ను సైజుకి పెద్దది, పైకంటా ఉంటుంది. పైగా రెండు దవడ పళ్ళు ఒకదానికొకటి ఆనుకునే చోట పుచ్చు మొదలవుతుంది. నోరు తెరిపించి చూస్తే ఏమీ కనబడదు. పిల్ల రాత్రిపూట బుగ్గ పట్టుకుని ఏడ్చేసరికి వ్యవహారం నరం దాకా వెళ్ళి ఉంటుంది.

అప్పుడు డాక్టరు చేసే పని దగ్గర్నుంచి చూడదగ్గది. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, పుచ్చు తీసుకుంటూ పోతారు. గది తెరుచుకున్నాక పై గదిలో ఉన్న ఎర్రటి మెత్తటి భాగాన్ని మాత్రమే తీసేస్తారు. పంటి వేళ్ళలో ఉన్నదాన్ని ముట్టుకోరు. తడి దూది ఉండ పెట్టి, కొన్ని నిమిషాలు నొక్కిపెట్టి, ఎత్తి చూస్తారు. ఆ చూపులోనే తీర్పు ఉంది. రక్తం ఆగితే వేళ్ళలో నరం బాగున్నట్టు. ఎంటీఏ అనే మందు పెట్టి పైన క్యాప్ వేసేస్తారు. ఇది పల్పోటమీ. ఎంటీఏ అంటే బ్రహ్మపదార్థమేం కాదు, ఇల్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటు జాతిదే. 1990లలో వచ్చింది. అంతకుముందు దశాబ్దాల పాటు ఫార్మాలిన్ కలిసిన మందు వాడేవారు.

రక్తం ఆగకుండా కారుతూనే ఉంటే వేళ్ళ దాకా శుభ్రం చేయాలి. అప్పుడు పెద్దవాళ్ళకి నింపే రబ్బరు పదార్థం పనికిరాదు. పాలపన్ను వేళ్ళు కాలక్రమంలో కరిగిపోతూ కింది పన్నుకి దారి ఇవ్వాలి కదా, నింపే ముద్ద కూడా వాటితో పాటే కరగాలి. అందుకే జింక్ ఆక్సైడ్‌ని యూజినాల్‌తో కలిపి పెడతారు. యూజినాల్ లవంగ నూనెలో ఉండేదే. మన అమ్మమ్మలు పిప్పి పన్నులో లవంగం పెట్టించింది ఊరికే కాదు.

అన్నిటికీ ఇంత చేయాలనీ లేదు. నరం బాగుంటే, దాన్ని ఆనుకున్న పుచ్చు కొంచెం అలాగే వదిలి గట్టిగా మూసేయొచ్చు. స్కాట్లండ్‌లో నార్నా హాల్ అనే దంతవైద్యురాలు ఇంజెక్షన్, డ్రిల్లు లేకుండా స్టీలు క్యాప్‌ని నేరుగా పుచ్చిన పన్ను మీద తొడిగేసేవారు. లోపలి సూక్ష్మజీవులకి తిండి అందక పుచ్చు ఆగిపోతుంది. ఆ పద్ధతి ఇప్పుడు ఆమె పేరుతోనే నడుస్తోంది. కాబట్టి డాక్టరుగారిని "ఎంత?" అని అడిగేముందు "నరం బతికుందా? పుచ్చంతా తీయాలా, కొంత ఉంచి మూసేయొచ్చా?" అని అడగండి. మంచి డాక్టరు ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపిస్తారు.

తార్నాకలో ఉంటూ జాతీయ పోషకాహార సంస్థ మాట ఎత్తకపోతే ఎలా? 1918లో కూనూరులో పుట్టి 1958లో మన ఊరికొచ్చిన సంస్థ. 2024లో వాళ్ళిచ్చిన 17 ఆహార సూత్రాల్లో చక్కెర తగ్గించమన్నది ఒకటి. పడుకునేముందు తియ్యటి పాలసీసా నోట్లో పెట్టే అలవాటు మానిపిస్తే సగం పళ్ళు అక్కడే బతుకుతాయని నా గట్టి నమ్మకం. ఇక పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడ్ పేస్టంటే నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబాలు జంకుతాయి. ఆ భయం నాకు అర్థమవుతుంది. 1970లలో అక్కడ ఫ్లోరైడ్ వల్ల కాళ్ళు వంకరపోయిన పిల్లల గురించి లోకానికి చెప్పింది ఈ సంస్థవాళ్ళే. కానీ ఆ విషం ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళలోది. పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పెట్టి, ఉమ్మించండి, చాలు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా. చిగురు మీద చీము పొక్కు వచ్చి, నొప్పి తగ్గిపోయిందంటే నయమైనట్టు కాదు, లోపల నరం చచ్చిపోయినట్టు. కింద పెరుగుతున్న పన్నుకి ఆ చీము తగులుతుంది. బుగ్గ వాచి జ్వరం కూడా వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మామూలు చికిత్సకి డబ్బు ఇబ్బందైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. పిల్లల పళ్ళకి అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోండి.